ముల్లు చెప్పేది నిజమేనా? పాత బండి టెంపరేచర్ మీటర్‌ని పరీక్షించడం

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లకి కువైట్ నుంచి వచ్చిన వాయిస్ మెసేజ్ గుర్తుండే ఉంటుంది. తమ్ముడు ఒక ఇంట్లో డ్రైవర్. రోజూ పిల్లల్ని స్కూల్‌కి దింపేది కొత్త బండిలో. శుక్రవారం వస్తే మాత్రం బాబాకి ప్రాణమైన పాత ల్యాండ్ క్రూజర్, 80ల నాటి ఎఫ్‌జె 60, బయటికి తియ్యాలి. ఏసీ వేసుకుని సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి పోతుంటే టెంపరేచర్ ముల్లు హెచ్ గీత పక్కకి వెళ్లి కూర్చుంటోంది. ఒక గరాజ్‌లో రేడియేటర్ మార్చాలన్నారు. ఇంకో గరాజ్‌లో థర్మోస్టాట్ పీకేస్తే సరిపోతుందన్నారు. బాబా ఏమో "నువ్వు నడిపే తీరుకే బండి వేడెక్కుతోంది, రేడియేటర్ ఖర్చు నీ జీతంలోంచే" అన్నాడట. తమ్ముడు అడిగింది ఒక్కటే ప్రశ్న: "అన్నా, అసలు బండి నిజంగా వేడెక్కుతోందా?"

సరైన ప్రశ్న అదే. రెండు గరాజ్‌లలోనూ ఆ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. ముల్లు చెప్పింది, వీళ్లు నమ్మారు. నేను షార్జాలో పాత బళ్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను కాబట్టి ఎపిసోడ్‌లో పద్ధతి నోటితో చెప్పాను. కానీ ఓములు, డిగ్రీలు చెవితో వింటే గుర్తుండవని చాలామంది రాశారు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందు ఒక మాట. కొత్త బళ్లకి అలవాటుపడిన కన్ను పాత బండి ముల్లుని చూసి ఊరికే భయపడుతుంది. ఇప్పటి బళ్లలో చాలావాటికి ముల్లుని కంప్యూటర్ నడుపుతుంది. ఇంజన్ 80 దగ్గరున్నా, 100 దగ్గరున్నా ముల్లు మధ్యలోనే కదలకుండా నిలబడేలా కంపెనీవాళ్లే పెట్టేశారు. కస్టమర్ కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి రాకూడదని అలా చేస్తారు. పాత బండిలో ఆ దాపరికం లేదు. ఫ్లైఓవర్ ఎక్కితే ముల్లు కొంచెం లేస్తుంది, హైవే మీద గాలి తగిలితే దిగుతుంది. ఆ కదలిక జబ్బు కాదు. కదలిక ఎంత ఉందన్నది కాదు మనం చూడాల్సింది. ముల్లు నిలబడిన చోటికి అసలు డిగ్రీ ఎంత? అది తెలియాలి.

ఆ కాలపు మీటర్ థర్మామీటర్ కాదు, కరెంటు కొలిచే పరికరం. ఇంజన్ నీళ్లలో మునిగేలా ఒక సెన్సర్ బిగించి ఉంటుంది. నీళ్లు చల్లగా ఉంటే దాని నిరోధం ఎక్కువ, అంటే కరెంటు తక్కువ పోనిస్తుంది. వేడెక్కే కొద్దీ నిరోధం పడిపోతుంది, కరెంటు ఎక్కువ పోతుంది. ఆ కరెంటు మీటర్ లోపల రెండు లోహాల పట్టీకి చుట్టిన సన్నని తీగని వేడి చేస్తుంది. పట్టీ వంగుతుంది, దానికి తగిలించిన ముల్లు కదులుతుంది. అందుకే తాళం తిప్పగానే ముల్లు టక్కున లేవదు, మెల్లగా పాకుతుంది. బ్యాటరీ వోల్టేజ్ పైకి కిందికి అయినప్పుడల్లా ముల్లు ఊగకుండా మధ్యలో ఇంకో చిన్న పరికరం ఉంటుంది. దాన్ని స్టెబిలైజర్ అంటారు. ఇంగ్లిష్ బళ్లలో, అంటే పాత ల్యాండ్ రోవర్, ఎంజీ లాంటివాటిలో, స్మిత్స్ కంపెనీ స్టెబిలైజర్ మీటర్ బోర్డు వెనకాల వేరే డబ్బీలా కనిపిస్తుంది. సగటున 10 వోల్టులు ఇస్తుంది. పాత టయోటాల్లో చాలావాటికి ఇది ఫ్యూయల్ మీటర్ లోపలే దాగి ఉంటుంది. డబ్బీ కనపడలేదని లేదనుకోవద్దు.

సెన్సర్, మీటర్, స్టెబిలైజర్, వాటిని కలిపే తీగలు, ఎర్త్. అబద్ధం వీటిలో ఎక్కడి నుంచైనా రావచ్చు. అది ఏ వైపు అబద్ధమో గమనిస్తే సగం పని అయిపోయినట్టే. కనెక్షన్ తుప్పు పట్టినా, వదులైనా, ఎర్త్ సరిగా లేకపోయినా దారిలో నిరోధం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. ముల్లు అసలు కంటే చల్లగా చూపిస్తుంది. అదే స్టెబిలైజర్ ఇరుక్కుపోయి పూర్తి 12, 13 వోల్టులు వదిలేస్తే, లేదా సెన్సర్ తీగ ఎక్కడో తోలు ఊడి బాడీకి తగిలితే, లేదా వేరే బండి సెన్సర్ పెట్టి ఉంటే ముల్లు అసలు కంటే వేడిగా చూపించవచ్చు. వయసు మీద పడిన బండికి తుప్పే ఎక్కువ కాబట్టి, పాత మీటర్లు మనకి హాయిగా వినపడే అబద్ధమే ఎక్కువగా చెప్తాయి. నన్నడిగితే హెచ్ దగ్గర నిలబడిన ముల్లు కంటే, 48 డిగ్రీల ఎండలో కూడా సీ దగ్గరే నిద్రపోయే ముల్లుని చూసి ఎక్కువ భయపడాలి.

ఇక పరీక్ష. ముందు మీటర్ బోర్డు ఊడదీయొద్దు. మొదట అసలు వేడి ఎంతో వేరే దానితో కొలవాలి. దానికి ఒక థర్మామీటర్ కావాలి. వంటింట్లో మాంసం ఉడికిందో లేదో చూడటానికి గుచ్చే డిజిటల్ థర్మామీటర్ చాలు. చాలా మల్టీమీటర్లతో పాటు సన్నని తీగలాంటి టెంపరేచర్ ప్రోబ్ కూడా వస్తుంది, అది ఇంకా మంచిది. కొన్న థర్మామీటర్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. గిన్నెలో నీళ్లు తెర్లనిచ్చి, గిన్నె అడుగుకి తగలకుండా ముంచండి. మనం ఉండే షార్జా, దుబాయ్, దోహా, కువైట్ అన్నీ సముద్రం ఒడ్డునే కాబట్టి 100 చూపించాలి, ఒకటి అటూ ఇటూ పరవాలేదు. ఇదే పని హైదరాబాద్‌లో చేస్తే 98 దగ్గరే నీళ్లు మరుగుతాయి. ఊరు సముద్రమట్టానికి ఐదువందల మీటర్ల పైన ఉంది కదా. అక్కడ థర్మామీటర్ పాడైందనుకుని పారెయ్యకండి.

బండిని పొద్దున్నే చూడండి, రాత్రంతా నిలబడి పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు. రేడియేటర్ మీద నేరుగా మూత ఉన్న బండి అయితే మూత తీసి థర్మామీటర్ నీళ్లలోకి దింపండి. బండి ఆరుబయట ఉండాలి, మూసిన గరాజ్‌లో ఇంజన్ నడిపితే పొగ ప్రాణం తీస్తుంది. మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా ఉంటే తీసేయండి, ఫ్యాన్ ముందే ఉంటుంది. స్టార్ట్ చేసి ఊరికే నడవనివ్వండి. కాసేపటిదాకా రేడియేటర్ నీళ్లు పెద్దగా వేడెక్కవు, ఎందుకంటే థర్మోస్టాట్ మూసి ఉంది. అది తెరుచుకోగానే పై హోస్ పైపు గబగబా వేడెక్కుతుంది, థర్మామీటర్ అంకె పరిగెడుతుంది. థర్మోస్టాట్ మీద అది తెరుచుకునే డిగ్రీ కొట్టి ఉంటుంది, 82 అనో 88 అనో. పాతది ఎప్పుడైనా మార్చి ఉంటే ఆ అంకె రాసిపెట్టుకోండి, ఇప్పుడు పనికొస్తుంది. థర్మామీటర్ నిలకడగా 85 చూపించినప్పుడు బండిలో కూర్చున్నవాళ్లు మీటర్ ఫోటో తియ్యాలి. 90 దగ్గర ఇంకో ఫోటో. మూత లేకుండా 95 దాటనివ్వొద్దు. ఒత్తిడి లేదు కాబట్టి నీళ్లు పొంగి బయటికి వస్తాయి.

ఈ మూత సంగతి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మూత మీద 0.9 అని ఉంటే లోపల నీళ్లని 0.9 బార్ ఒత్తిడితో బిగించి పెడుతుందని అర్థం. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు దాదాపు 119 దాకా మరగవు. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపి ఉంటే ఇంకా పైకి, 125 దాటేదాకా. అందుకే ముల్లు 100 దాటినంత మాత్రాన బండి మరుగుతోందని కాదు. కానీ అదే కారణంగా, వేడి మీద మూత తిప్పితే అప్పటిదాకా అణిచిపెట్టిన 110 డిగ్రీల నీళ్లు ఆ క్షణంలోనే ఆవిరై మొహానికి కొడతాయి. గుడ్డ అడ్డం పెట్టి తిప్పుతా, ఏం కాదు అనే ఉస్తాద్‌లు ప్రతి గరాజ్‌లో ఉంటారు. పై హోస్‌ని చేత్తో గట్టిగా పట్టుకోగలిగేంత చల్లబడేదాకా మూత జోలికి పోవద్దు. బాబా తొందరపెట్టినా సరే.

జామ్‌లో, ఏసీతో, ఎండలో ఎంత వేడెక్కుతుందో చూడాలంటే మూత తీసి నడపలేం కదా. అప్పుడు ఈ మల్టీమీటర్ తీగ ప్రోబ్‌ని థర్మోస్టాట్ గూడు మీద, అంటే పై హోస్ ఇంజన్‌కి తగులుకునే లోహపు మెడ మీద, టేప్‌తో అంటించి, పైన స్పాంజి ముక్క కప్పి ఇంకోసారి చుట్టండి. స్పాంజి లేకపోతే ఫ్యాన్ గాలి తగిలి తక్కువ చూపిస్తుంది. తీగని ఫ్యాన్‌కి, ఎగ్జాస్ట్‌కి దూరంగా తీసుకుని కిటికీలోంచి లోపలికి తెచ్చుకుంటే నడుస్తూ చూడొచ్చు. చూసేది పక్క సీట్లో ఉన్నవాళ్లు, డ్రైవర్ కాదు. లోహం మీద కొలిచేది లోపలి నీళ్ల కంటే కొన్ని డిగ్రీలు తక్కువే ఉంటుంది, అది లెక్కలో పెట్టుకోండి.

చాలామంది దగ్గర గన్ ఉంటుంది, కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన దాని అన్నలాంటిది. ఇంజన్‌కి వాడేదాంట్లో 300 డిగ్రీల దాకా కొలత ఉండాలి, నుదుటిది పనికిరాదు. గన్‌తో ఒక చిక్కుంది. మెరిసే అల్యూమినియం, ఇత్తడి మీద కొడితే అసలు కంటే చాలా తక్కువ చూపిస్తుంది, ఒక్కోసారి 20, 30 డిగ్రీలు కూడా. మెరుపు లోహం తన వేడిని సరిగా వెలువరించదు, చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పి కొడుతుంది. కొలిచే చోట నల్ల టేప్ ముక్క అంటించి, అరచేతి దూరం నుంచి కొట్టండి. ఎర్ర చుక్క గురి కోసమే, కొలిచేది దాని చుట్టూ ఉన్న పెద్ద వృత్తాన్ని. దూరం పెరిగితే ఆ వృత్తంలోకి ఫ్యానూ వస్తుంది, ఎగ్జాస్టూ వస్తుంది.

కువైట్ తమ్ముడు ప్రోబ్ అంటించి, శుక్రవారం సాయంత్రం రద్దీలో ఏసీ వేసి తిప్పాడు. థర్మోస్టాట్ మెడ మీద 91. నీళ్లు 93, 94 ఉంటాయనుకుందాం. ఆ బండికి, ఆ ఎండకి అది మామూలు. మీటర్ ముల్లు మాత్రం హెచ్ పక్కనే. అంటే రేడియేటర్‌కి ఏ పాపమూ తెలియదు.

ఇప్పుడు దొంగని వెతకాలి. ఖర్చు లేని మొదటి పరీక్ష పక్కనే ఉన్న ఫ్యూయల్ మీటర్. రెండింటికీ ఒకే స్టెబిలైజర్ కాబట్టి అది పాడైతే రెండు ముళ్లూ కలిసి అబద్ధం చెప్తాయి. ట్యాంక్‌లో సగమే ఉందని తెలిసీ ఫ్యూయల్ ముల్లు ముప్పావు దాటి చూపిస్తూ, టెంపరేచర్ కూడా పైన ఉంటే ముందు స్టెబిలైజర్‌ని, దాని ఎర్త్‌ని చూడండి. స్మిత్స్ రకానికి డబ్బీ బాడీయే ఎర్త్, స్క్రూ కింద తుప్పు చేరినా అది పని మానేస్తుంది. తమ్ముడి బండిలో ఫ్యూయల్ సరిగ్గానే ఉంది. కాబట్టి అనుమానం సెన్సర్ మీదకి, దాని తీగ మీదకి మళ్లింది.

తీగ పరీక్ష అర నిమిషం పని. తాళం ఆన్‌లో పెట్టి సెన్సర్ మీది తీగ పీకండి. ముల్లు మెల్లగా సీ వైపు పూర్తిగా పడిపోవాలి. పడకపోతే తీగ మధ్యలో ఎక్కడో బాడీకి తగులుతోంది. ఆ తీగని క్షణం ఇంజన్‌కి తాకిస్తే ముల్లు హెచ్ వైపు లేస్తుంది. లేవడం మొదలుపెట్టగానే తీసెయ్యాలి, అలాగే పట్టుకుంటే మీటర్ లోపలి సన్న తీగ కాలిపోవచ్చు. ఈ పరీక్ష మెకానిక్‌లు అందరూ చేస్తారు, ముల్లు లేవగానే "మీటర్ బాగుంది" అని చెప్పేస్తారు. అది మీటర్ బతికే ఉందని చెప్తుంది, నిజం చెప్తోందని కాదు.

నిజం తేలేది వంటగదిలోనే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సెన్సర్ విప్పండి. కొంచెం కూలెంట్ కారుతుంది, కింద పళ్లెం పెట్టుకోండి. సెన్సర్ అని పొరపాటున ఫ్యాన్ స్విచ్చో, లైటు వెలిగించే స్విచ్చో విప్పొద్దు. అవి ఆన్, ఆఫ్ మాత్రమే చేస్తాయి, మీటర్ తీగ వాటికి వెళ్లదు. విప్పిన సెన్సర్ కింది భాగం మాత్రం మునిగేలా తీగతో గిన్నెలో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ ముంచి, మెల్లటి మంట మీద పెట్టండి. మల్టీమీటర్‌ని ఓముల మీద పెట్టి ఒక మొన సెన్సర్ పిన్‌కి, ఇంకోటి దాని ఇత్తడి ఒంటికి. 50 దగ్గర, 80 దగ్గర, బాగా తెర్లేటప్పుడు 100 దగ్గర అంకెలు రాసుకోండి. ప్రతిచోటా కాసేపు ఆగాలి, సెన్సర్ లోపలికి వేడి దిగడానికి సమయం పడుతుంది. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

80ల టయోటా సర్వీస్ పుస్తకాల్లో తరచుగా కనిపించే అంకెలు 50 డిగ్రీల దగ్గర సుమారు 226 ఓములు, 115 దగ్గర సుమారు 26. ఆ గీతని బట్టి 80 దగ్గర 75 ప్రాంతంలో, 100 దగ్గర 40 ప్రాంతంలో ఉండాలి. ఇంగ్లిష్, జర్మన్ బళ్లకి అంకెలు వేరు. మీ బండి పుస్తకంలోదే చివరి మాట. తమ్ముడి సెన్సర్ 50 దగ్గర 120, తెర్లే నీళ్లలో 23 చూపించింది. అంటే 100 డిగ్రీల నీళ్లలో ఉండి అది మీటర్‌తో "115 దాటింది" అని చెప్తోంది. కారణం తర్వాత తెలిసింది. ఏడాది కింద ఒక గరాజ్‌లో సెన్సర్ మార్చారు. మర ఒకటే, పిన్ ఒకటే, బిగిస్తే సరిపోయింది. కానీ అది వేరే బండిది. పాత సామాన్ల మార్కెట్లో ఇలాంటివి గంపలకొద్దీ ఉంటాయి. మర కుదిరితే సెన్సర్ కుదిరినట్టు కాదు. కొనే ముందు పార్ట్ నంబర్ చూడండి, కొన్నాక బిగించే ముందు గిన్నెలో పెట్టి చూడండి. తమ్ముడు తెచ్చిన కొత్తది 50 దగ్గర 220, 100 దగ్గర 41 చూపించింది. ఇప్పుడు అదే రద్దీలో, అదే ఏసీతో ముల్లు సగానికి కాస్త పైన ఆగుతోంది. రెండో గరాజ్ పీకేసిన థర్మోస్టాట్ కూడా మళ్లీ పెట్టించాడు. అది లేకపోతే పొద్దున ఇంజన్ ఎప్పటికో గానీ వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ముల్లు ఎప్పుడూ కిందే ఉండి ఇంకో రకం అబద్ధం మొదలవుతుంది.

బిగించేటప్పుడు తెల్ల టేప్ సంగతి. ఒకే పిన్ ఉన్న సెన్సర్‌కి ఎర్త్ దాని మరల గుండానే ఇంజన్‌కి చేరుతుంది. కారకుండా ఉండాలని టెఫ్లాన్ టేప్ నాలుగు చుట్లు చుడితే ఆ దారి మూసుకుపోతుంది, ముల్లు చల్లగా చూపిస్తుంది. రాగి వాషర్ ఉంటే అదే చాలు. బిగించాక ఇంజన్‌కి, బ్యాటరీ నెగటివ్‌కి మధ్య ఓములు కొలిస్తే దాదాపు సున్నా రావాలి. రాకపోతే ఇంజన్ ఎర్త్ పట్టీ వదులైందనే అర్థం.

సెన్సర్, ఎర్త్, తీగ అన్నీ బాగుండి ఇంకా తేడా ఉంటేనే మీటర్‌ని అనుమానించాలి. దానికి సెన్సర్ బదులు తెలిసిన నిరోధాలు పెట్టి చూస్తాం. 80 డిగ్రీల ఓములకి సరిపడే రెసిస్టర్, 100 డిగ్రీలకి సరిపడేది ఇంకోటి, తీగకీ ఎర్త్‌కీ మధ్య. రెసిస్టర్ కనీసం 5 వాట్లది తీసుకోండి, చిన్నవి కాలి వేళ్లు చురుక్కుమంటాయి. రెండు నిమిషాలు ఆగి ముల్లు ఎక్కడ నిలబడిందో ఫోటో తియ్యండి.

ఇంకా పాతవి, 60ల నాటి కొన్ని ఇంగ్లిష్ బళ్లలో కరెంటుతో పనే లేని మీటర్ ఉంటుంది. ఇంజన్‌లోని బల్బు నుంచి మీటర్ దాకా సన్నని రాగి గొట్టం, లోపల ఈథర్. దీన్ని పరీక్షించడం అన్నిటికంటే తేలిక. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బల్బు విప్పి తెర్లే నీళ్లలో పెడితే ముల్లు 100 దగ్గర, ఫారన్‌హీట్ మీటరైతే 212 దగ్గర నిలవాలి. గొట్టాన్ని మాత్రం వంచొద్దు, మెలిపెట్టొద్దు. విరిగితే ఈథర్ పోతుంది, దాన్ని నింపే పనివాళ్లు మామూలు గరాజ్‌లలో దొరకరు. ఈథర్ అంటుకుంటుంది కూడా, బల్బు మీద నేరుగా మంట పెట్టకండి.

ఏ మీటరైనా, అది ఎంత సరైనదైనా, ఒక సందర్భంలో మోసం చేస్తుంది. నీళ్లు కారిపోయి సెన్సర్ గాల్లో మిగిలితే అది నీళ్ల వేడి చెప్పలేదు. ముల్లు పైకి పోతూ పోతూ ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. "అమ్మయ్య, చల్లబడింది" అని యాక్సిలరేటర్ నొక్కినవాళ్ల బళ్లకే హెడ్ వంకర పోయేది. ముల్లు కారణం లేకుండా పడితే పక్కకి తీసి, ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, చల్లబడేదాకా కూర్చోండి.

పరీక్ష అయ్యాక ఒక అట్ట ముక్క మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టండి: తేదీ, థర్మామీటర్‌లో 85 ఉన్నప్పుడు ముల్లు ఎక్కడ, 90 దగ్గర ఎక్కడ, ఏసీతో రద్దీలో ప్రోబ్ ఎంత, సెన్సర్ ఓములు ఎన్ని, పార్ట్ నంబర్ ఏంటి. ఫోటోలన్నీ అదే రోజు బాబాకి వాట్సాప్‌లో పంపండి, అంకెలతో పాటు. మాటలు రెండుమూడు చాలు, అంకెలకి అరబీ అక్కర్లేదు. రేపు ఇంకో గరాజ్ వాడు "బండి హీట్ ఎక్కుతోంది" అంటే ఆ అట్ట చూపించి ఎన్ని డిగ్రీలు, దేంతో కొలిచావని అడగొచ్చు. ఏటా ఏప్రిల్‌లో ఎండ ముదరక ముందు ఒకసారి, సెన్సర్ గానీ థర్మోస్టాట్ గానీ మార్చిన ప్రతిసారీ ఇంకోసారి కొత్త తేదీతో ఆ అట్ట నింపండి.